ఒంటి మేజోడు

సంచి మంచం మీద నోరు తెరుచుకుని కూర్చుంది. దాన్ని సర్దుతున్నది ఆయన. ఆ సంగతే ఆమెకు మింగుడు పడడం లేదు. పెళ్ళయిన నాటి నుంచీ ఈ ఇంట్లో సంచి సర్దడం ఆమె వంతు, దాన్ని భుజాన తగిలించుకుని గడప దాటడం ఆయన వంతు. బస్సు డ్రైవరు పెళ్ళాం కదా, వారానికి మూడు రాత్రులు మొగుడు పరాయి ఊరి విశ్రాంతి గదిలో పడుకునే బతుకు. తువ్వాలు, మార్చుకునే చొక్కా, గడ్డం గీసుకునే సామాను, ఫ్లాస్కు, మేజోళ్ళు, కళ్ళకు గంతలు కట్టి సర్దమన్నా సర్దేసేది. ఇవాళ ప్రయాణం ఆమెది. తెల్లవారగానే ఆయన కాఫీ గ్లాసు చేతికిచ్చి, "నువ్వా కుర్చీలో కూర్చుని తాగు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ నా సంచి నువ్వు సర్దావు. ఇవాళ నీది నేను సర్దుతా," అన్నాడు. కూర్చుంది గానీ కూర్చున్నట్టు లేదు. ఆ మడతలు చూడు, తన చొక్కాలు మడత పెట్టినట్టే అన్నీ మడత పెడుతున్నాడు, శాలువాకు కూడా చేతులుంటే వెనక్కి విరిచేసేవాడే. మందుల డబ్బా అడుగున పడేశాడు, దారిలో తలనొప్పి వస్తే సంచంతా బోర్లించాలి. చెప్పాలా, వద్దా. చెబితే "అయితే నువ్వే సర్దుకో" అంటాడు, అంటే లేచి తనే సర్దాలి, సర్దుతూ సర్దుతూ చేతులు ఆగిపోతాయి. రెండుసార్లు అలాగే ఆగిపోయాయి. నోరు మూసుకుని కాఫీ తాగింది.

స్నేహితురాలు వచ్చేసరికి ఇంకో గంట పడుతుంది. ఇద్దరూ కలిసి బస్సెక్కి సముద్రం ఊరికి వెళ్ళాలి, పదిరోజులుండాలి, తిరిగి రావాలి. అంతే కదా. ఈపాటి దానికి పళ్ళూడే వయసులో ఇంత బెంగేమిటి అని తనను తనే కసురుకుంది. కానీ అరవై దాటిన ఆమె ఇంతవరకూ ఒక్క రాత్రయినా ఈ ఊరు వదిలి పడుకోలేదంటే ఎవరు నమ్ముతారు, అందులోనూ చేసిన ఉద్యోగం బస్‌స్టాండులో, మైకు ముందు! ఫలానా ఊరు వెళ్ళే బస్సు ఫలానా ప్లాట్‌ఫాం మీద బయలుదేరడానికి సిద్ధంగా ఉంది అంటూ ఊరంతటినీ సాగనంపిన మనిషి, తను మాత్రం ప్లాట్‌ఫాం దాటలేదు. ఆయన వైపు పెళ్ళిళ్ళకీ చావులకీ డ్యూటీ ఉందనేది, చుట్టాల్లో పొగరుబోతని పేరు కూడా తెచ్చుకుంది. పడనీ. పేరు పడితే పడింది గానీ ఊళ్ళో ఉంది. ఇంట్లో కూడా అదే గొంతు, అన్నం వేళకు కూతుర్ని పిలిస్తే తెలీకుండానే రెండోసారి అదే మాట అదే రాగంతో వచ్చేసేది, గదిలోంచి ఆ పిల్ల, "ప్లాట్‌ఫాం నంబరు చెప్పలేదు మేడమ్!" అని అరిచేది. ఆ పిల్ల ఇప్పుడు నాలుగు వీధుల అవతల కాపురం చేసుకుంటూ తన పిల్లల్ని అదే రాగంతో పిలుస్తోంది, పాపం దానికి తెలీదు.

గాలి ఇటు తిరిగినట్టుంది, కిటికీలోంచి గొంతు తేలి వచ్చింది. ప్రయాణికులకు మనవి. ఆమె గొంతే. ఆయన మడత ఆపి చెవి ఒగ్గి, "నువ్వు డ్యూటీకి లేటుగా వెళ్తున్నావని కోప్పడుతోంది," అన్నాడు. రిటైరయ్యే ముందు ఆఫీసువాళ్ళు ఆమెను గోడలకు దూది కుక్కిన ఒక గదిలో కూర్చోబెట్టి ఊళ్ళ పేర్లన్నీ విడివిడిగా పలికించారు. రికార్డు చేసే అమ్మాయి భలే ఓపికది, "ఒక్కో అంకె రెండు రకాలుగా చెప్పండమ్మా, మాట మధ్యలో వచ్చేట్టు ఒకసారి, చివర్లో వచ్చేట్టు ఒకసారి," అనేది. ఇప్పుడా ముక్కలన్నీ మిషను ఏరుకొచ్చి కుట్టుకుంటుంది, ఈమె కుర్చీలో కాళ్ళు చాపుకుంటుంది. గొంతు ఉద్యోగం చేస్తుంటే మనిషికి పింఛను వస్తోంది, ఇంతకన్నా హాయి ఉందా. ఒక్క లోపం, సముద్రం ఊరి పేరు పలికిన రోజు ఆమెకు జలుబు. ఇంకోసారి చెబుతానన్నా ఆ అమ్మాయి "బాగానే ఉందమ్మా" అంది. ఏం బాగు, నాలుగేళ్ళుగా ఆ ఒక్క ఊరి బస్సు ముక్కు దిబ్బడతో బయలుదేరుతోంది.

నాలుగేళ్ళు. మొదటి వారం భయమేసింది, పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో తోచక వంటింట్లో గిన్నెలు తోమినవే తోమింది. తర్వాత ఒక రోజు వాన పడుతుంటే, దుప్పటి కింద ఆయన కాళ్ళు వెచ్చగా తగులుతుంటే, అయ్యో లేవాలి అనుకుని, ఎందుకు లేవాలి అనుకుని, మళ్ళీ పడుకుంది. ఆ నిద్ర! జీతానికి ఏనాడూ దొరకని నిద్ర. ఆయన రాత్రి డ్యూటీ, ఈమె పగటి డ్యూటీ, ఇన్నేళ్ళ కాపురంలో ఇద్దరూ ఒకే వేళ కూర్చుని వేడి కాఫీ తాగిన పొద్దుటిపూటలు వేళ్ళ మీద లెక్కే. మిగతావన్నీ గుమ్మం దగ్గర ఒకరు దిగుతుంటే ఒకరు ఎక్కినట్టు. ఇప్పుడు తెలిసింది, ఆయన కాఫీ తాగేటప్పుడు ఊదుతాడని. అల్లుడొచ్చాక తెలిసిందమ్మా నాకు మొగుడి సంగతి అని స్నేహితురాలితో అంటే అది పొట్ట పట్టుకుని నవ్వింది. ఇంకా పుస్తకాలు. చదువు మూడో తరగతిలోనే ఆగింది, మిగిలినదంతా బస్సుల్లో జనం మరిచిపోయిన పుస్తకాలతోనే. ఎవరూ వెతుక్కుంటూ రాని వాటిని కొన్నాళ్ళాగి అటెండరు చెత్తలో వేయబోతే, ఆమె అడిగి తెచ్చుకునేది. చాలా వాటిలో ఎక్కడిదాకా చదివారో అక్కడ టికెట్టు ముక్కో, ఆకో, పిన్నో ఉండేది. ఆమె ముందు అక్కడి నుంచి చివరి దాకా చదివేది, ఆ దిగిపోయిన మనిషికి ఏమయిందో తెలీదు కదా అని, ఆ తర్వాతే మొదటికి వచ్చేది. ఇప్పటికీ అలాగే చదువుతుంది, కొత్త పుస్తకమైనా సరే మధ్యలో తెరుస్తుంది. సంచిలో పుస్తకం పెట్టాడా? పెట్టాడు, బట్టల మధ్యన, అట్ట నలగకుండా. పరవాలేదు, తెలివైనవాడే.

మొదటిసారి ప్రయాణం ఆగింది తలనొప్పి వల్ల. నిజంగానే వచ్చింది, అబద్ధం కాదు, సంచి జిప్పు లాగగానే వచ్చింది. రెండోసారి వంకే దొరకలేదు, గుమ్మం దగ్గర నిలబడి "నేను రానే," అంది, అంతే. స్నేహితురాలు ఏమీ అనలేదు. అదే భయపెట్టింది, ఎందుకంటే ఏమీ అనకుండా ఉండడం దాని జన్మలో లేదు. పాతికేళ్ళు విచారణ కిటికీలో కూర్చుని ప్రపంచాన్నంతా ప్రశ్నలడిగిన మనిషి, ఊరూ వాడా విచారణ అనే పిలుస్తారు, దాని అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎవరూ చూడలేదు. వారం రోజుల తర్వాత వచ్చి ఇదే మంచం మీద కూర్చుని, "చూడు మైకూ, ఈసారి మూడోసారి. రాకపోతే నేనొక్కదాన్నే పోతా. అలగను, తిట్టను. కానీ మళ్ళీ అడగను," అంది. మళ్ళీ అడగను. విచారణ నోట ఆ మాట! అప్పటి నుంచీ ఆమెకు గుండెల్లో రాయి పడింది. పోతే ఏమవుతుందోనని ఒక భయం, పోకపోతే ఇది పోతుందని ఒక భయం. ఇన్నేళ్ళలో పోగొట్టుకోకుండా మిగుల్చుకున్న ఒకే ఒక్క స్నేహం అది. మొగుడు ఇంకో ఆవిడతో తిరుగుతున్నాడని తెలిసిన రోజు విచారణ ఏం చేసింది? ఏడ్చిందా? ఆయన సామానంతా సంచిలో కుక్కి గుమ్మం బయట పెట్టింది. "దువ్వెన, గోళ్ళు కత్తిరించేది, ఊడిన బొత్తాం, ఒక్కటి మిగల్చలేదే! ఏదైనా మిగిలితే దాని కోసం మళ్ళీ వస్తాడని!" రాలేదు, పీడా విరగడైంది. ఆ మాటకు అందరూ నవ్వారు, ఈమెకు మాత్రం ఒళ్ళు జల్లుమంది. అంటే దానికీ తెలుసన్నమాట. ఏమీ మిగల్చకపోతే రారు.

ఏమీ మిగల్చలేదు. తను పదకొండేళ్ళ పిల్ల అప్పుడు, పని నేర్చిందని అమ్మ మెచ్చుకుంటే పొంగిపోయే వయసు. అన్నయ్య పని వెతుక్కుంటూ వెళ్తున్నాడు, సంచి నేను సర్దుతా, నేనే సర్దుతా అని పట్టుబట్టింది. రెండు చొక్కాలు, అమ్మ అల్లిన ఊలు టోపీ, చిరిగిన చెప్పులు కూడా దారిలో బాగు చేయించుకుంటావని, అద్దం ముక్క, ఊదితే ఒక్క స్వరమే పలికే మౌతార్గాను. ఇల్లంతా కలియతిరిగి ఏరింది. అన్నయ్య నవ్వుతూ, "నన్ను తరిమేస్తున్నావే పొట్టీ," అన్నాడు. బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపాడా? ఊపే ఉంటాడు, దుమ్ములో కనబడలేదు. నెలలు గడిచాయి, ఉత్తరం లేదు, కబురు లేదు, వెళ్ళిన ఊరికి మనిషిని పంపితే అసలు అక్కడికి చేరనే లేదన్నారు. ఒక సాయంత్రం అమ్మ పెట్టె తీసి, అలమర తీసి, మంచం కింద వంగి వెతికింది. వాడిది ఏదైనా, చొక్కా అయినా సరే, మొహానికి ఆనించుకోడానికి. దొరకలేదు. అప్పుడు ఇటు తిరిగి, "అన్నీ సర్దేశావా అమ్మడూ," అంది. తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. మెల్లిగా, నీళ్ళు ఉన్నాయా అని అడిగినట్టు. ఆ తర్వాత అమ్మ ఎన్నో మాటలు మాట్లాడింది, ఈ ఇంట్లోనే, ఆ పక్క గదిలోనే, మనవరాలితో ఆడుకుంటూ ముసలిదై నిద్రలోనే పోయింది. కానీ రాత్రిళ్ళు మెలకువ వస్తే వినబడేది మాత్రం ఆ ఒక్క మాటే.

అందుకే మైకు. బస్‌స్టాండులో ఆడగొంతు కావాలన్నారని తెలియగానే అందరికన్నా ముందు పరిగెత్తింది. ఎప్పుడో ఒకప్పుడు బస్సు దిగుతాడు, దుమ్ము దులుపుకుంటాడు, ఇల్లు ఎటో మరిచిపోయి ఉంటాడు, వీధులు మారాయి కదా, అప్పుడు నెత్తి మీది నుంచి గొంతు వినబడుతుంది, ఇది మా పొట్టిది కదూ అనుకుంటాడు. ఎవరికీ చెప్పలేదు, ఆయనకు కూడా. విచారణకు మాత్రం చెప్పక తప్పలేదు, కిటికీ దానిది కదా, ముందు అక్కడికే వస్తాడు. అన్నయ్యకు గడ్డం మీద గాటు ఉండేదని చెబితే అది ఎంత ఒళ్ళొంచి వెతికిందని! "గడ్డం మీద గాటున్న ప్రతి మగాణ్ణీ ఏ ఊరండీ, ఎవరి తాలూకండీ అని అడిగానే తల్లీ. ఒకాయన నన్ను పెళ్ళి చేసుకుంటారా అన్నాడు!" తనకు పిల్లాజెల్లా లేకపోయినా, మొగుణ్ణి తరిమేసి ఉన్నా, ఎవరి అన్నయ్య కోసమో పాతికేళ్ళు మొహాలు చూసింది. అలాంటిది ఒక్కసారి సముద్రం చూద్దాం రావే అంటే రెండుసార్లు వెనక్కి పంపింది తను. కానీ ఊరు వదిలితే, ఆ పదిరోజుల్లోనే వస్తే, మైకులో ఎవరు... ఎవరేమిటి. మైకులో తనే కదా! ఇప్పుడైనా తను ఎక్కడుంది అక్కడ, ఈ కుర్చీలో ఉంది. నాలుగేళ్ళుగా ఈ కుర్చీలో కాళ్ళు చాపుకుని ఉంటే గొంతు అక్కడ మేలుకునే ఉంది. జ్వరమొచ్చినా, వానొచ్చినా, తను పోయినా. గ్లాసు అడుగున కాఫీ చల్లారిపోయింది. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ బుర్రకెందుకు ఎక్కలేదు?

"ఏమోయ్, అయిపోయింది. వచ్చి చూసుకో," అన్నాడాయన, తనిఖీ ఆఫీసరు ముందు నిలబడినట్టు చేతులు కట్టుకుని. లేచింది. ఒక్కొక్కటే తడిమింది. తువ్వాలు ఉంది, శాలువా ఉంది, మందులు అడుగున ఉన్నాయి, పైకి తీసింది. పళ్ళు తోముకునే బ్రష్షు ఉంది, కళ్ళజోడు పెట్టె ఉంది. రాత్రిళ్ళు కాళ్ళు చల్లబడతాయి ఆమెకు, ఊదారంగు మేజోళ్ళు... ఒకటి ఉంది. ఇంకోటి లేదు. మడతలు విప్పింది, శాలువా దులిపింది, పుస్తకం తెరిచి చూసింది.

"ఏవండీ, రెండో మేజోడేదీ?"

"ఉతుకులో పోయుంటుంది," అన్నాడాయన, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆమె చేతులు ఆగిపోయాయి. ఆ మాట ఆమెది. ఆ మాటే చెప్పి ఆయనతో ఎన్ని వందల పొద్దుటిపూటలు అబద్ధమాడిందో. పెళ్ళయిన కొత్తలో మొదటి రాత్రి డ్యూటీకి సంచి సర్దుతూ ఆయన మేజోళ్ళలో ఒకటి తీసి తలగడ కింద దాచింది. ఇంటి దగ్గర ఏదైనా మిగలాలి. జతలో సగం మిగిలితే మిగతా సగం వెతుక్కుంటూ వస్తుంది. వచ్చాడు. ఇక ఎలా మానుతుంది? ప్రతిసారీ ఒకటి దాచడం, ఆయన తిరిగొచ్చాక రెండూ కలిపి ఉతకడం, ఆయన "ఒకటే ఉందేమిటి" అంటే ఉతుకులో పోయుంటుందనడం. డిపోలో డ్రైవర్లంతా ఆయన్ను ఒంటి మేజోడు అని పిలిచేవాళ్ళు. కొన్నేళ్ళకు ఆయన అడగడం మానేశాడు. మరిచిపోయాడనుకుంది. మగాళ్ళకు ఇవన్నీ పట్టవనుకుంది.

"మీకు తెలుసా?" అంది. గొంతు మైకులోది కాదు, ఎవరిదో చిన్నపిల్లది.

"తలగడ కింద పెడితే తెలీదా? ఆ తలగడ మీద పడుకునేది నేనేగా."

"ఎప్పట్నుంచి?"

"మొదటి ఏడే. అత్తయ్యగారిని అడిగా, మీ అమ్మాయికిదేం అలవాటండీ అని. ఆవిడ మీ అన్నయ్య సంగతి చెప్పి, 'ఆ రోజు నోరు జారి ఒక మాట అన్నాను నాయనా, వాడు పోయింది సంచి వల్ల కాదని దానికి చెప్పడం నా వల్ల కావట్లేదు, చెబుదామని పక్కన కూర్చుంటే ఏడుపొస్తుంది,' అంది. సరేలే అనుకున్నా. అవతలి ఊరి గదిలో నా మేకుకు ఇంకో జత ఎప్పుడూ తగిలించే ఉంచా."

"మరి నన్ను అడగలేదేం ఒక్కసారైనా?"

"అడిగితే మానేస్తావు." ఆయన సంచి పట్టీ సరిచేశాడు. "మానేస్తే బండి నేను నడపాలిగా. ఒకసారి తొందరలో నువ్వు రెండూ పెట్టేశావు, గుర్తుందా? మనమ్మాయికి జ్వరం అప్పుడు. ఘాట్ ఎక్కే ముందు బండాపి సంచి తెరిచి చూసుకుంటే రెండూ ఉన్నాయి. చెమటలు పట్టాయి నాకు. ఒకటి కండక్టరుకిచ్చేశాకే బండి కదిలించా."

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందో తేల్చుకోలేక మంచం మీద కూలబడింది. సంచి వల్ల కాదని అమ్మ అనుకుంది. అమ్మకు తెలుసు. ఇన్నేళ్ళూ ఆ పక్క గదిలో అమ్మ ఆ మాట దాచుకుంది, ఈ గదిలో ఆయన మేజోడు సంగతి దాచుకున్నాడు, మధ్యలో తను అన్నయ్యను దాచుకుంది, ఒకే కప్పు కింద ముగ్గురు, ఒకే మూట ఒకరికి తెలీకుండా ఒకరు మోశారు. ఆయన పక్కన కూర్చుని జేబులోంచి ఊదారంగు మేజోడు తీసి మోకాలి మీద పరిచాడు. "ఇది నా దగ్గరుంటుంది. నువ్వు పోయి రా," అన్నాడు. రెండూ ఇచ్చెయ్యండి, ఇక అక్కర్లేదు అందామనుకుంది. ఆయన వేళ్ళు చూసింది, స్టీరింగు పట్టి పట్టి వంకర పోయిన వేళ్ళు, మేజోడును ఎంత జాగ్రత్తగా సాపు చేస్తున్నాయో. ఉండనీ. ఈ పదిరోజులూ ఇంట్లో ఉండేవాడు ఆయన, ఎదురుచూడడమంటే ఏమిటో ఆయనకు కొత్త. ఒకటి ఉండనీ.

"ఏమే మైకూ! తలనొప్పా, జ్వరమా, ఏంటివాళ!" వీధిలోంచే కేక. విచారణ గుమ్మంలోకి వచ్చింది, నెత్తిన గడ్డి టోపీ, చేతిలో చక్రాల పెట్టె, ఒడ్డునున్న ఇసుకంతా మోసుకొస్తుందేమో అన్నంత పెట్టె. ఆమె మొహంలోకి ఒక్క క్షణం తేరిపార చూసింది, కిటికీ వెనక నుంచి కొత్త మనుషుల్ని చూసినట్టు. గొంతు తగ్గింది. "వస్తున్నావా?"

"జిప్పు వెయ్యవే, నా చేతులకు పట్టు చిక్కడం లేదు," అందామె.

విచారణ వంగి జిప్పు లాగేసింది, ఎక్కడ మనసు మారుతుందోనన్నంత గబగబా. "అన్నగారూ, పదిరోజులు గిన్నెలు తోముకుంటారా, పేర్చిపెడతారా?"

"పేర్చిపెడతానమ్మా. వచ్చాక ఆవిడకు తోచాలిగా."

బస్‌స్టాండుకు రెండు వీధులు. ఎంత దగ్గర! సంచి విచారణ చక్రాల పెట్టె మీద కూర్చుని గడగడమంటూ వచ్చింది. బస్సులో కిటికీ పక్క సీటు ఆమెకిచ్చింది విచారణ, తను నడవ వైపు కూర్చుంది, పారిపోకుండా అడ్డంగా అని నవ్వింది. ఒకప్పుడు ఆమె మైకు ముందు కూర్చున్న గాజు గదిలో ఎవరూ లేరు, ఆమె కుర్చీ మీద ఎవరిదో గొడుగు. ఆమె చెప్పులు విడిచి సంచిలోని ఒంటి మేజోడు తీసి ఎడమ కాలికి తొడుక్కుంది. కుడి పాదానికి చల్లటి గాలి తగిలింది. బాగుంది. విచారణ ఆ కాళ్ళవైపు చూసి, ఇన్నేళ్ళకు మొదటిసారి, అడగలేదు.

"అన్నయ్య ఇక రాడు కదే," అందామె.

"రాడే," అంది విచారణ, ఆమె చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని. గడ్డి టోపీ సరిచేసుకుని, "పాతికేళ్ళు చూశాం. ఇక సముద్రం చూద్దాం," అంది.

నెత్తి మీది నుంచి గొంతు పలికింది, ప్రయాణికులకు మనవి, ముక్కు దిబ్బడతో, ఆమె తననే సాగనంపుకుంది. బస్సులో ఎవరికీ పట్టలేదు. విచారణ మాత్రం, "ఆవిరి పట్టుకోవే," అని గాజు గది వైపు చెయ్యి ఊపింది. బస్సు కదిలింది. ఎప్పుడూ బయటి నుంచి చూసిన మలుపు లోపలి నుంచి వచ్చింది, వెళ్ళింది. మలుపు దగ్గర ఆయన, వెంట రావద్దన్నా వచ్చాడు, జేబు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. దుమ్ము లేదు, స్పష్టంగా కనబడ్డాడు. ఆమె చెయ్యి ఊపింది. పుస్తకం తీసి, మధ్యలో కాదు, మొదటి పేజీ తెరిచింది.

పదిరోజుల తర్వాత ఆమె తిరిగి వచ్చింది. అన్నయ్య రాలేదు. ఆమెకు పదకొండేళ్ళప్పుడు, తొలి వానలకు ముందు వారంలో, ఒక బుధవారం పొద్దున పని వెతుక్కుంటూ వెళ్ళాడు, అంతే.